ప్రసన్నకుమారి ఎన్ని వాట్లు

కార్వేటినగరంలో మునిరత్నం అంగడి పొద్దన్నే ఆరు గంటలకి తెరుచుకుంటాది. దేవుడి పటానికి ఊదొత్తి తిప్పి గల్లాపెట్టె ముందర కూర్చున్నాడంటే ఆయన మళ్లా లేచేది మధ్యాన్నం కూటికే. ఆయన పెండ్లాం ప్రసన్నకుమారి అట్ల కాదు. ఆమె కూర్చోగా చూసినోళ్లు ఆ వీధిలో తక్కువ. కూడు నిలబడే తింటాది, టీవీ అటూ ఇటూ నడస్తానే చూస్తాది, బియ్యంలో రాళ్లేరేది గూడా చాట చేత పట్టుకోని తిరగతానే. "యాడన్నా రవ్వంతసేపు కుదురుగా కూచోమే, నిన్ను చూస్తాంటే నాకు తల తిరగతా ఉండాది" అని మొగుడు కసురుకుంటాడు. కూర్చునేది ఆమెకి చేతకాదు. పావుగంట కూర్చునిందంటే ఒంట్లో కరెంటు పేరుకోని తలవెంట్రుకలు లేచి నిలబడతాయి, అంగట్లో రేడియో గరగరమంటాది.

కరెంటంటే మామూలు కరెంటే. ఆమె చేతికి బల్బిస్తే వెలుగుతాది. పెండ్లయిన మొదటి ఏడాది నుంచి ఇంతే. వీధిలో కరెంటు పోతే ఆడోళ్లు సెల్‌ఫోన్లు, వైర్లు పట్టుకోని ఆమె కాడికి వస్తారు. ఎదురింటి గ్రేసీ టీచరయితే మిక్సీనే చంకనబెట్టుకోని వస్తాది. మీటరు రాసుకునేటాయన నెలకొకసారి వచ్చి, ఆమెని గూడా ఒక చూపు చూసి, ఇది మన లెక్కలోది కాదులే అనుకోని పోతాడు. శనివారాలు మాత్రం ఎవురూ రారు. ఆ పొద్దు ఆమె ఒక్కపొద్దుంటాది, అడిగేది మర్యాద కాదు.

ఇప్పుడు గోలంతా కోడలు హేమశ్రీది. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ఆ పిల్లకి పని. తెల్లారగట్ల నాలుగున్నరకి బస్సు. పోయేదానికి రెండున్నర గంట, వచ్చేదానికి రెండున్నర గంట. మొగుడు బాలచంద్రకీ ఆడనే పని, అయితే వేరే షిఫ్టు. ఈమె బస్సు పోయేటప్పుడు ఆయన బస్సు ఎదురొస్తాది. పెండ్లయి మూడేండ్లయినా మొగుడూపెండ్లాలు మాట్లాడుకునేదాని కంటే బస్సు కిటికీల్లోంచి చెయ్యూపుకునేదే జాస్తి. ఈ బతుకు నాకొద్దు దేవుడా అని ఆ పిల్ల రెండేండ్లుగా ఇంట్లో పాత కంప్యూటరు ముందర కూర్చోని, ఇంకా కట్టని ఇండ్లని కట్టినట్లు చూపించే విద్య నేర్చుకునింది.

తిరపతిలో ఇండ్ల ప్లాన్లు గీసే ఆఫీసొకటి ఆమెకి పరీక్ష పెట్టింది. ఆఫీసు పెద్ద రఘునాథ్ ఒక ప్లాను పంపించి, "గేటు కాడ నుంచి మిద్దె మీద దాకా మనిషి నడుస్తా చూసినట్లు మూడు నిమిషాల వీడియో చెయ్యండి. శనివారం సాయంత్రం అయిదుకి నా దగ్గరుండాల. బాగుంటే మీ ఇంట్లోనే కూర్చోని పని చేసుకోవచ్చు" అన్నాడు. హేమశ్రీ వారం రోజులు సెలవు పెట్టింది. ఆదివారం దాకానే సెలవు. వీడియో కుదిరితే కుదిరినట్లు, లేదంటే సోమవారం తెల్లారగట్ల మళ్లా అదే బస్సు.

ఇల్లయితే గీసేసింది. గీసిన గీతల్ని నిజం ఇంటి మాదిరి ఒక్కొక్క బొమ్మగా కంప్యూటరు పండించాల. అట్లాంటి బొమ్మలు నాలుగు వేలకి పైన. ఈ కంప్యూటరా, పదేండ్ల కిందటిది. పుత్తూరులో ఒక కాలేజీవాళ్లు పాతసామాన్లు అమ్మేస్తే కొనుక్కొచ్చింది. దీని మీద పండించాలంటే ఆరు రోజులు. చిన్నాయన కొడుకు మునిచంద్ర దగ్గర మంచి గ్రాఫిక్స్ కార్డొకటి ఉంటే బతిమాలి తెచ్చుకునింది. అది ఉంటే ఎనిమిది గంటల్లో అయిపోతాది. అయితే పాత దాంట్లో కొత్తది పడతాదా? గురువారం మధ్యాన్నానికి ఆ పిల్ల గోళ్లు కొరుక్కోని కొరుక్కోని, కొరికేదానికి గోరు లేకుండా చేసుకునింది.

పుత్తూరు నుంచి మెకానిక్కు గుణశేఖర్ వచ్చినాడు. అంగడి వెనక గదిలో కంప్యూటరుని నేల మీద పడుకోబెట్టి మూత విప్పి, లోపల దుమ్ము ఊదినాడు. మునిరత్నం అంగట్లో నుంచి గది వాకిలి తెర పక్కకి జరిపి, "ఏందప్పా, అవుతాదా?" అన్నాడు.

"సూస్తాండా ఉండన్నా. నాలుగు సూడాల. ఒకటి, కార్డు కూర్చునే స్లాటు. పొడుగు స్లాటు ఉండాది, సరిపాయె. రెండోది పొడుగు." టేపు పెట్టి కొలిచినాడు. "అంగుళం తగులుతాది. ఈ హార్డుడిస్కు పెట్టె పీకి పక్కన పెడితే పట్టేస్తాది. మూడు, పిన్నులు. కార్డుకి ఎనిమిది పిన్నుల వైరు కావాల. దీంట్లో లేదు."

"కొనుక్కొస్తే?" అనింది హేమశ్రీ.

"వైరు కొనొచ్చు పాపా, దాంట్లోకి కరెంటు యాడ తెస్తావ్? అది నాలుగోది." ఆయన లోపలుండే ఇనప డబ్బా మీద వేలితో కొట్టినాడు. కంప్యూటరుకంతా కరెంటు పంచేది ఆ డబ్బానే. "ఈ ఎస్సెమ్‌పీఎస్ ఇచ్చేది దాని కడుపుకే చాలదు. కార్డొక్కదానికే నూటడెబ్బై వాట్లు కావాల. కొత్త ఎస్సెమ్‌పీఎస్ వేద్దామంటే ఇది కంపెనీ సెట్టు, దీని సైజు వేరే, దీని ప్లగ్గు వేరే. బజార్లో దొరికేది దీంట్లో కూర్చోదు. చెన్నై నుంచి తెప్పియ్యాల. మంగళవారం అవుతాది."

"శనివారానికి కావాలన్నా."

"నాకు మాత్రం ఇయ్యకూడదని ఉండాదా పాపా."

హేమశ్రీ గోడకి ఆనుకోని కండ్లు మూసుకునింది. అప్పుడే ప్రసన్నకుమారి కాఫీ గ్లాసులతో ఆ గదిలోకి వచ్చి, గ్లాసులిచ్చి, ఊరికే నిలబడలేక కిటికీ దాకా పోయి వెనక్కి వచ్చింది. గుణశేఖర్ కాఫీ తాగతా ఆమెని కింద నుంచి పైదాకా చూసినాడు.

"అక్కా, కూడు తింటివా?"

"ఇప్పుడే సంగటి తింటి. ఏం?"

"నీ కాలు ఇట్ల చాపు."

ఆయన చెప్పినట్లు హేమశ్రీ అత్తని పీట మీద కూర్చోబెట్టి, పసుపుపచ్చ వైరు కుడికాలి మెట్టెకీ, నల్లవైరు ఎడమకాలి మెట్టెకీ చుట్టింది. వెండి మెట్టెలు కదా, కరెంటు బాగా పారతాది. గుణశేఖర్ మీటరు పెట్టి చూసినాడు. నూట ఎనభై.

"పది మిగులు" అన్నాడాయన. ముప్పై ఏండ్ల కిందట ఈమె మా అంగట్లో ఉంటే నేను ఇన్వర్టర్లు అమ్మేపనే లేదని గూడా అన్నాడు. "అక్కా, ఎనిమిది గంటలు లేవకూడదు. మెట్టె కదిలితే కార్డు కాలిపోతాది. కూర్చుంటావా?"

ఎనిమిది గంటలు. పావుగంట కూర్చోలేని మనిషి. ఆ మాటకి తెర వెనక మునిరత్నానికి నవ్వొచ్చింది. ప్రసన్నకుమారి కోడలి మొకం చూసింది. ఆ మొకంలో ఏం చూసిందో ఏమో, "కూర్చుంటా" అనింది.

శుక్రవారం పొద్దుగూకినాక గుణశేఖర్ వచ్చి కార్డు బిగించి, ప్రసన్నకుమారికి ఇంకోసారి కూడు పెట్టిచ్చి, అరగంట నడిపి చూసి, మీటరు ఆడనే పెట్టి పోయినాడు. ఏ తంటా రాలేదు. శనివారం పొద్దన్నే ఆరింటికి ప్రసన్నకుమారి తలకి పోసుకోని, తడి జుట్టు ముడేసుకోని పీట మీద కూర్చునింది. హేమశ్రీ వైర్లు చుట్టి బటన్ నొక్కింది. కార్డు ఫ్యాన్లు బుయ్యిమని తిరిగినాయి. గేటు పండింది, వసారా పండింది, హాలు పండతా ఉండాది. ప్రసన్నకుమారికి మోకాళ్లు గుంజినాయి, ఒళ్లంతా చీమలు పాకినట్లయింది. పావుగంటకొకసారి లేద్దామని పైకి ఉబికి, మళ్లా పంటి బిగువున అణుచుకునింది. ఆమెతో పాటు ఈ పిల్ల ప్రాణం గూడా పైకీ కిందికీ ఊగింది.

తొమ్మిదిన్నరకి ఫ్యాన్ల శబ్దం తగ్గింది. హేమశ్రీ మీటరు చూసింది. నూటయాభై. కాసేపటికి నూటనలభై ఎనిమిది.

"అత్తా, ఏమన్నా తిన్నారా?"

"ఏం తినేది? పెరటాసి నెల శనివారం గదమ్మే, గోవిందుడి ఒక్కపొద్దు. మధ్యాన్నం మీ మామ దేవుడి ముందర ఆకులో తళిగేసి హారతిచ్చేదాకా పచ్చినీళ్లు గూడా ముట్టను."

హేమశ్రీ నెత్తి కొట్టుకునింది. గుణశేఖర్‌కి ఫోన్ చేసింది. "అన్నీ సూస్తిమి గదా పాపా" అన్నాడాయన. "స్లాటు సూస్తిమి, పొడుగు సూస్తిమి, పిన్నులు సూస్తిమి. ఆమెని కూడు తిన్నాకనే సూస్తిమి. శనివారం ఆమె కరెంటెంతో ఈ ఊర్లో ఎవురికి తెలుసు? శనివారం ఆమె కాడికి ఎవురు పోతారు? సూడు, నూటనలభై కిందికి దిగితే ఆపేసెయ్. కార్డు పోతాది, అది నీది గూడా కాదు."

నూటనలభై నాలుగు. హేమశ్రీ పోయి అరటిపండు తెచ్చింది. తెచ్చి చేతిలోనే పెట్టుకోని నిలబడింది.

ప్రసన్నకుమారి ఆ పండుని చూసింది. "ఇరవై ఎనిమిదేండ్లుగా తప్పలేదు" అనింది. "నువ్వు అడిగితే తప్పతాను. నీ బస్సు నేనెరగనా? అడుగు."

అడిగితే ఉద్యోగం వస్తాది. అడిగినందుకు ఈమె ఒక్క మాట గూడా అనదు, అది ఆ పిల్లకి తెలుసు. తెలిసి గూడా అడగలేకపోయింది. పండు కిటికీలో పెట్టి, ఆపేద్దామని మౌసు మీద చెయ్యి వేసింది. కండ్లల్లో నీళ్లు తిరిగి తెర మీద అంకెలు అలికినట్లయినాయి.

"ఉండు, ఆపొద్దు. ఇప్పుడు ఏం పండతా ఉండాది?"

"వంటిల్లు."

"ఏదీ, ఇట్ల తిప్పు."

తెర మూలన అగ్గిపెట్టంత బొమ్మ. ప్రసన్నకుమారి వంగి దాన్ని చూసింది. చూసి చూసి, "ఈడ వండే ఆమె బయటికి యాడ నుంచి పోతాది?" అనింది.

"హాల్లో నుంచే అత్తా. ప్లాను అంతే."

"అయితే మన మాదిరే. హాల్లో మొగోళ్లుంటారు, వాళ్లని దాటుకోని పోవాల. మనకి అంగడి. నేను గడప దాటాలంటే మీ మామ అడగతాడు, బేరానికొచ్చినోళ్లు అడగతారు, యాడికి యాడికి అని. పోయేటప్పుడు అడిగితే మంచిది కాదని మళ్లా లోపలికి రావాల, కూర్చోని నీళ్లు తాగాల, మళ్లా బయలుదేరాల. అప్పటికి ఇంకొకరు అడగతారు. దినానికి పదిసార్లు ఇదే పని. ఒక్కోసారి నీళ్లు తాగి తాగి, పొయ్యేదే మానేస్తాను."

హేమశ్రీ మీటరు చూసింది. నూటనలభై ఆరు. మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది. "చెప్పండత్తా" అనింది.

"మన వంటింటి వెనక గోడ ఉండాది చూడు. దాని అవతల సందు. పెండ్లయి వచ్చిన కొత్తల్లో పొయ్యి కాడ నిలబడి వింటా ఉంటిని. ఆడోళ్లు తోటలకి పోతా మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. మాటలన్నీ ఇనిపిస్తాయి, మొకాలు అగపడవు. ఆ గోడకొక వాకిలి పెడితే నేనూ పోయి రెండు మాటలు మాట్లాడి వస్తాను గదా అనుకుంటి. మీ మామ వాళ్ల నాయన్ని అడిగినాను. వంటింటికి వెనక వాకిలి పెడితే ఆ దావనే లక్ష్మి ఎలబారి పోతాదన్నాడాయన. మీ మామ పక్కనే ఉన్న్యాడు. నేల చూసినాడు. అంతే, మళ్లా అడగలా. ఆ నెల్లోనే చేతిలో బల్బెలిగింది."

నూటయాభై ఎనిమిది. ఫ్యాన్లు మళ్లా బుయ్యిమన్నాయి. ప్రసన్నకుమారి ఆపకుండా చెప్పింది. ఆ వాకిలికి ఏ చెక్క వెయ్యాలనుకునిందో, గొళ్లెం ఎంత ఎత్తులో ఉండాలనుకునిందో, బయట తిన్నె మీద కూర్చోని ఎవురెవురితో ఏమేం మాట్లాడాలనుకునిందో. కొందురు చచ్చి గూడా పోయినారు, వాళ్లతో మాట్లాడాలనుకున్నవి గూడా చెప్పింది. గంటకి పైన చెప్పింది. చెప్పేది అయిపోయేటప్పటికి మీటరు రెండు వందల కాడ నిలబడింది, వంటిల్లు దాటి మెట్లు పండతా ఉన్న్యాయి. ఇంక మాట్లాడకుండా గోడకి ఆనుకోని కూర్చునింది. మోకాలు కదపలేదు, పైకి ఉబకలేదు.

పన్నెండింటి నుంచి మునిరత్నం హారతి పళ్లెం పట్టుకోని, పెండ్లాం లేచి రాలేదని తెర కాడ నిలబడి గొణగతానే ఉన్న్యాడు. రెండుంబావుకి చివరి బొమ్మ పండింది. అప్పుడు గోవిందా అని హారతిచ్చినాడు. వైర్లు విప్పినాక ప్రసన్నకుమారి ఆకు ముందర చక్కగా బాసింపట్టేసుకోని కూర్చోని తినింది. అది చూసి మునిరత్నం పప్పన్నం కలిపేది మర్చిపోయినాడు.

హేమశ్రీ బొమ్మలన్నీ కుట్టి వీడియో చేసి చూసుకునింది. గేటు, వసారా, హాలు, దేవుని గది, అంతా ముత్యం మాదిరి ఉండాది. వంటింట్లోకి పోయేటప్పటికి ఆ పిల్ల వీడియో ఆపేసింది. వెనక గోడకి ఒక వాకిలి ఉండాది. వేపచెక్క తలుపు, సగం తెరిచి ఉండాది. దాంట్లో నుంచి పొద్దుటి ఎండ పొయ్యి గట్టు దాకా పడతా ఉండాది. ఆమె గియ్యలేదు. ప్లానులో లేదు. ఇంటి వెనకపక్క చూపించే కాడికి వస్తే ఆ గోడకి వాకిలి మళ్లా లేదు, బోడిగోడ.

ప్లాను ప్లాను మాదిరే ఉండాలని రఘునాథ్ మరీ మరీ చెప్పినాడు. అప్పటికి మూడుంబావు. వంటింటి మటుక్కి మళ్లా పండిస్తే గంటలో అయిపోతాది. పరిగెత్తి పోయి అత్తకి వైర్లు చుట్టింది. మీటరు సున్నా. బల్బిచ్చింది, వెలగలేదు. ప్రసన్నకుమారి ఆ బల్బుని ఈ చేతిలోకీ ఆ చేతిలోకీ మార్చి చూసి, "అయిపోయినట్లుండాది మ్మే" అనింది మెల్లిగా. వంటిల్లు కత్తిరించి పంపితే వంటిల్లు లేని ఇల్లవుతాది. అయిదుకి పది నిమిషాలుండగా హేమశ్రీ ఉండేది ఉన్నట్లే పంపించేసింది. రాత్రికి కూడు తినలేదు. ఆదివారం పొద్దన్నే ఫ్యాక్టరీ యూనిఫారం ఉతికి ఆరేసింది.

పదకొండు గంటలకి ఫోనొచ్చింది.

"రఘునాథ్‌నమ్మా. ప్లానులో లేని వాకిలి పెట్టినారు. లోపల నుంచి ఉండాది, బయట నుంచి లేదు. ఏంది కత?"

కంప్యూటరు తప్పని చెప్పొచ్చు. నా సొంత ఆలోచన అని గూడా చెప్పొచ్చు. రెండూ నాలిక చివర దాకా వచ్చినాయి. "అది మా అత్తది సార్" అనింది హేమశ్రీ. "కరెంటు చాలకపోతే ఆమె ఇచ్చింది. ఆ గంటలో వచ్చేసింది."

"అదా" అన్నాడాయన. "పక్కనుండాదా ఆమె? ఆ ఇల్లు కట్టుకునేది రేణిగుంట కాడ మామిడి తోటలోళ్లు. ఆ ఇంటామె నిర్మలమ్మ ఈ నాలుగు నెలలూ ప్లాను చూపిస్తే తలకాయ ఊపిందే గానీ నోరు తెరిచింది లేదు. నిన్న వంటిల్లు కాడ ఆపమని ఆపమని తొమ్మిదిసార్లు చూసింది. ఆ వాకిలి లేకుండా పునాది తియ్యనియ్యనంటా ఉండాది. దాని వెడల్పెంతో కనుక్కోమనింది."

హేమశ్రీకి వెడల్పు తెలీదు. ఫోను స్పీకర్లో పెట్టి అత్తకిచ్చింది. ప్రసన్నకుమారి పీట లాక్కోని కూర్చోని చెప్పింది.

"ఇద్దరాడోళ్లు గంపలెత్తుకోని పక్కపక్కన వస్తే తగలకూడదు సామీ, అంత. గడప ఎత్తు వద్దు. బయట తిన్నె ఉండాల. తలుపు లోపలికి తెరుచుకోవాల, బయటికయితే సందులో పోయేటోళ్లకి తగలతాది. నేను మా ఇంటికి ఇట్లనే అనుకున్న్యాను. అడిగినాను గూడా. ఒక్కసారే అడిగినాను."

తెర అవతల మునిరత్నం చక్కెర తూస్తా ఉన్న్యాడు. ఆ మాట విని గూడా ఆయన చెయ్యి పోస్తానే ఉండాది. బేరానికొచ్చినామె, "అన్నా, చాలు చాలు, కిలోకి ఎక్కువైపోయింది" అనింది. ఆయనకి ఇనబడలేదు.

రఘునాథ్ ఒకటో తారీకు నుంచి పని మొదలుపెట్టమని హేమశ్రీకి చెప్పినాడు. ఇంకోమాట గూడా చెప్పినాడు. ఇకమీదట వాళ్ల ఆఫీసులో ఏ ఇంటి ప్లానయినా పునాది తీసే ముందర ప్రసన్నకుమారి చూడాల, గురువారం గురువారం తిరపతికి రావాల, ఆమెకి వేరే జీతం. హేమశ్రీ ఫోను పెట్టేసి అత్త ఒళ్లో తల పెట్టుకోని ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చినా ప్రసన్నకుమారి లేవలేదు.

మధ్యాన్నం కూటికి పిలిస్తే అంగట్లో మునిరత్నం లేడు. గల్లాపెట్టె తెరిచింది తెరిచినట్లే ఉండాది. ప్రసన్నకుమారి వంటింట్లోకి పోయి కూరగిన్నె మీద మూత పెడతా ఉంటే, వెనక గోడకి అవతల నుంచి ఎవురో గడ్డపార మొనతో కొట్టినట్లు టక్‌టక్‌మనింది.

"ఈడేనా?" గోడ అవతల నుంచి మునిరత్నం గొంతు. సందులో పోయేవాళ్లెవురో ఆయన్ని ఏందని అడిగినట్లుండాది. మళ్లా కొట్టినాడు. "మే, ప్రసన్నా. ఈడేనా అంటే."

ఆమె పొయ్యి కాడే నిలబడి గోడకి చెయ్యి ఆనించింది.

"ఇంకొంచిం ఎడమ పక్కకి" అనింది.

"నీ ఎడమా, నా ఎడమా?"

"నా ఎడమే" అనింది ప్రసన్నకుమారి.